గోదాములో బీప్‌కీ లెడ్జర్‌లో ఎంట్రీకీ మధ్య

మాది ఆసుపత్రులకు వాడి పారేసే సామాను సరఫరా చేసే హోల్‌సేల్ సంస్థ. గ్లౌజులు, సిరంజీలు, డ్రెస్సింగ్ ప్యాకులు, కాథెటర్లు. నేను అకౌంట్స్ చూస్తాను. కాబట్టి ఈ రివ్యూ ర్యాకుల మధ్య నిలబడి రాసింది కాదు, అన్ని ఖాతాల నిలవలూ చూపే ట్రయల్ బ్యాలెన్స్ ముందు కూర్చుని రాసింది. బార్‌కోడ్ గోదాము సాఫ్ట్‌వేర్ల మీద నేను చదివిన రివ్యూలన్నీ స్కానర్ ఎంత వేగంగా చదువుతుందో చెప్పి ఆగిపోయాయి. ఈ రోజుల్లో స్కానర్లు అన్నీ వేగంగానే చదువుతాయి. చదివింది లెక్కల పుస్తకంలోకి ఏ రూపంలో, ఏ తేదీన, ఏ విలువతో చేరుతుందన్నది మాత్రం ఎవరూ రాయలేదు.

మేం కొన్న దాంట్లో మూడు భాగాలున్నాయి. చేతిలో పట్టుకునే స్కానర్లు, గోదాము సాఫ్ట్‌వేర్, దాన్ని మా దగ్గర ముందునుంచీ ఉన్న అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌తో కలిపే కనెక్టర్. పేరు అవసరం లేదు, ఈ తరహావన్నీ ఇప్పుడు దాదాపు ఒకే అచ్చులో వస్తున్నాయి. గోదాము భాగానికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను. కనెక్టర్‌కి మూడు. ఆ మూడు కూడా కొన్ని సెట్టింగులు మార్చాకే.

మంచి మాట ముందు చెప్పేస్తాను. సరుకు దిగేటప్పుడు పర్చేజ్ ఆర్డర్ తెరిచి అట్టపెట్టె మీది కోడ్ కొడితే ఐటమ్, ఎక్స్‌పైరీ, బ్యాచ్ మూడూ ఒక్కసారే వచ్చేస్తాయి. జీఎస్1-128 అనే అంతర్జాతీయ బార్‌కోడ్ ప్రమాణం వల్ల ఇది సాధ్యం. కోడ్‌లో 01 అన్న గుర్తు తర్వాత 14 అంకెల ఐటమ్ నంబర్, 17 తర్వాత ఎక్స్‌పైరీ తేదీ, 10 తర్వాత బ్యాచ్ నంబర్ ఉంటాయి. ఇదివరకు మా స్టోర్‌కీపర్ బ్యాచ్ నంబర్లు చూసి చేత్తో రాసేవారు. ఓ అక్షరమా సున్నానా, ఐ అక్షరమా ఒకటా అన్న గొడవ బిల్లు దాకా వచ్చేది. అది పూర్తిగా పోయింది.

సరుకు తీసేటప్పుడు ముందుగా ఎక్స్‌పైర్ అయ్యే బ్యాచ్‌నే చూపిస్తుంది. వేరేది తీస్తే స్కానర్ వైబ్రేట్ అయి తెర ఎర్రబడుతుంది. అలాగని మొండికేయదు, కారణం రాస్తే ఒప్పుకుంటుంది. కొన్ని ఆసుపత్రులు ఇన్ని నెలల గడువు మిగిలి ఉన్న సరుకే కావాలంటాయి కాబట్టి ఈ వెసులుబాటు ఉండాల్సిందే. వెనక ర్యాకుల దగ్గర వైఫై అందకపోయినా స్కాన్లు స్కానర్‌లోనే దాచుకుని, సిగ్నల్ వచ్చాక పంపుతుంది. ఈ సౌకర్యమే లెక్కల దగ్గర తలనొప్పి తెచ్చింది, అది కాసేపట్లో చెప్తాను.

చెడిపోయిన లేబుల్ విషయంలో కూడా బాగా ఆలోచించారు. బార్‌కోడ్ చదవలేకపోతే కింది అంకెలు చేత్తో కొట్టాలి. చివరి అంకె మిగతా అంకెలకు కాపలా. ఎక్కడైనా ఒక్క అంకె తప్పితే కచ్చితంగా పట్టుకుంటుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా చాలావరకు పట్టుకుంటుంది. కానీ ఆ రెండు అంకెల మధ్య తేడా సరిగ్గా 5 అయితే, అంటే 16 బదులు 61 కొడితే, కాపలా అంకెకి తెలియదు. అందుకని చేత్తో కొట్టిన ప్రతిసారీ ఐటమ్ పేరు, ఫోటో చూపించి ‘ఇదేనా?’ అని అడుగుతుంది. అవును కొడితేనే ముందుకు వెళ్తుంది. చిన్న విషయమే, కానీ గోదాములో పనిచేసినవాళ్లెవరో ఇది తయారు చేసినవాళ్లలో ఉన్నారని అక్కడే అర్థమైంది.

కనెక్టర్ తయారు చేసినవాళ్లలో మాత్రం అకౌంటెంట్ ఎవరూ ఉన్నట్టు లేరు.

మొదటి గొడవ తేదీతోనే వచ్చింది. కోడ్‌లో ఎక్స్‌పైరీ ఆరంకెలు. సంవత్సరానికి రెండు, నెలకు రెండు, రోజుకు రెండు. కొందరు తయారీదారులు రోజు దగ్గర 00 వేస్తారు. ఆ నెల చివరి రోజు అని దానర్థం, ప్రమాణంలోనే అలా ఉంది. గోదాము సాఫ్ట్‌వేర్‌కి ఈ సంగతి తెలుసు. కనెక్టర్‌కి తెలియదు. 270600 అని ఉన్నదాన్ని ‘చెల్లని తేదీ’ అంటూ పక్కన పడేసింది. దాంతో గోదాములో సరుకు ఉంది, లెక్కల్లో లేదు. సేల్స్ వాళ్లు బిల్లు వేయబోతే స్టాకు లేదని వస్తోంది, ఆ పెట్టెలు మాత్రం ఎదురుగా కనబడుతున్నాయి. ప్రమాణంలోని ఆ భాగం పంపించాక కంపెనీవాళ్లు సరిచేశారు.

రెండోది ఇంకాస్త చిత్రమైనది. బ్యాచ్ నంబర్‌కి నిర్ణీత పొడవు లేదు, 20 అక్షరాల దాకా ఎంతైనా ఉండొచ్చు. దాని తర్వాత ఇంకేదైనా సమాచారం ఉంటే, బ్యాచ్ ఎక్కడ ముగిసిందో చెప్పడానికి కంటికి కనబడని విభజన గుర్తు ఒకటి కోడ్‌లో ఉంటుంది. మామూలు వైరు స్కానర్ కీబోర్డులా పనిచేస్తుంది, చదివిన అక్షరాలను కంప్యూటర్‌లో టైపు చేసినట్టు పంపుతుంది. సెట్టింగ్ సరిగా లేకపోతే ఆ గుర్తు దారిలోనే రాలిపోతుంది. అప్పుడు బ్యాచ్ నంబర్ తన వెనకున్న సీరియల్ నంబర్ని కూడా మింగేసి పెద్ద తోకతో లెక్కల్లోకి వస్తుంది. కంపెనీ ఇచ్చిన స్కానర్లలో ఈ బెడద లేదు. మా టేబుల్ మీద ఉన్న పాత స్కానర్‌లో ఉంది. డెమోకి వచ్చేవాళ్లు వాళ్ల లేబుళ్లు తెచ్చుకుంటారు. మీ గోదాములోని పెట్టెలు, అందులోనూ పిచ్చిపిచ్చి లేబుళ్లున్నవి, ముందు పెట్టి కొట్టమనండి.

ఇక్కడ ఒక మాట. బార్‌కోడ్‌లో అన్నీ ఉంటాయని యజమానులకు ఒక నమ్మకం. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ట్రాయ్ అనే ఊళ్లో ఒక సూపర్‌మార్కెట్ కౌంటర్ దగ్గర చూయింగ్ గమ్ ప్యాకెట్‌ మీది కోడ్‌ను మొదటిసారి స్కాన్ చేసినప్పుడు కూడా ఆ గీతల్లో ఉన్నది ఒక నంబరే. పేరు, ధర కంప్యూటర్ వెతికి తెచ్చుకుంది. ఇప్పటికీ అంతే. బ్యాచ్, తేదీ అదనంగా చేరాయి కానీ పేరు, రేటు, పన్ను, యూనిట్ అన్నీ మన ఐటమ్ మాస్టర్‌లోంచే, అంటే మన ఐటమ్‌ల వివరాల పట్టికలోంచే రావాలి. ఆ మాస్టర్ చెత్తగా ఉంటే స్కానర్ ఆ చెత్తనే వేగంగా పంచిపెడుతుంది.

మాస్టర్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన గడి యూనిట్‌ది. గ్లౌజులు పెట్టెకు 100, కార్టన్‌కు 10 పెట్టెలు. పెట్టెకొక నంబర్, కార్టన్‌కొక నంబర్. కార్టన్ నంబర్ 14 అంకెలు. పెట్టె నంబర్ ముందు ఒక అంకె చేర్చి, చివరి కాపలా అంకెను మళ్లీ లెక్కగట్టి తయారు చేస్తారు. కాబట్టి చూడ్డానికి ఒకేలా ఉన్నా చివరి అంకె సాధారణంగా వేరే. లెక్కల్లో మాకు ఒకే ఐటమ్, యూనిట్ పెట్టె. ఈ రెండు నంబర్లనూ ఆ ఒక్క ఐటమ్‌కి కట్టడానికి కనెక్టర్‌లో ఒక పట్టిక ఉంది. బార్‌కోడ్, ఐటమ్ కోడ్, యూనిట్, కన్వర్షన్. కార్టన్ వరసలో కన్వర్షన్ 10 అని ఉండాలి.

ఆ గడి ఖాళీగా ఉంటే ఈ కనెక్టర్ ఏం చేస్తుందో తెలుసా? 1 అనుకుంటుంది. అడగదు, ఆగదు, ఎర్రగీత గీయదు. 10 కార్టన్లు దిగితే గోదాము తెర 100 పెట్టెలని చూపిస్తుంది, లెక్కలు 10 అంటాయి. గోదాము సాఫ్ట్‌వేర్‌కి తన సొంత ప్యాకింగ్ పట్టిక ఉంది కాబట్టి అది సరిగ్గానే ఉంటుంది. స్టోర్‌కీపర్‌కి ఏ అనుమానమూ రాదు. తేడా నాకు కనబడేది సప్లయర్ బిల్లు కలిపినప్పుడే, అదీ బిల్లు వచ్చాకే. ఈ ఒక్క లోపానికే నేను ఒక మార్కు కోశాను. తెలియనిది ఎదురైతే ఆగిపోవాలి, ఊహించకూడదు.

పట్టికను స్ప్రెడ్‌షీట్‌తో ఎక్కించేవాళ్లకు ఒక హెచ్చరిక. సున్నాతో మొదలయ్యే కోడ్‌ల ముందు సున్నాను స్ప్రెడ్‌షీట్ మింగేస్తుంది. ప్యాలెట్ల (పెట్టెలు పేర్చే పలకల) మీద ఉండే 18 అంకెల నంబర్ని అతికిస్తే ఎక్సెల్ 15 అంకెల తర్వాతివి సున్నాలు చేసేస్తుంది. అతికించకముందే కాలమ్‌ను టెక్స్ట్ చేసుకోండి. అలాగే ఐటమ్‌లను రెండువైపులా సింక్ చేసే ఆప్షన్ ఇచ్చారు, దాన్ని ముట్టుకోకండి. కొత్త ఐటమ్ ఒక్కచోటే పుట్టాలి. మా దగ్గర అది అకౌంట్స్‌లోనే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సరుకు ఇవాళ దిగుతుంది, బిల్లు ఎప్పుడో వస్తుంది. ఈ మధ్యకాలంలో లెక్కలు ఏం చెప్పాలి? కనెక్టర్‌లో మూడు దారులున్నాయి. బిల్లు వచ్చేదాకా ఏమీ రాయకపోవడం, పరిమాణం మాత్రం రాయడం, స్టాకును డెబిట్ చేసి ‘సరుకు అందింది, బిల్లు రాలేదు’ అన్న ఖాతాను క్రెడిట్ చేయడం. పెట్టిన దగ్గర్నుంచి మొదటి దారే ఆన్‌లో ఉంటుంది. నేను వెంటనే మూడోదానికి మార్చాను. లేకపోతే నెలాఖరుకి గోదాము నిండా సరుకు, పుస్తకంలో ఆ సరుకూ లేదు, దానికి మనం ఇవ్వాల్సిన అప్పూ లేదు.

మూడో దారిలో బిల్లు రాగానే ఆ ఖాతా దానంతటదే సర్దుకుంటుంది. సర్దుకోనివి నిలవ ఉంటాయి, ఆ నిలవలను వయసు ప్రకారం చూపించే రిపోర్ట్ ఒకటుంది. మొత్తం ప్యాకేజీలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. అందులో మిగిలిన ప్రతి అంకెకీ ఒక కారణం ఉంటుంది. బిల్లు ఇవ్వడం మరిచిన సప్లయర్, రెండు ఆర్డర్లకు కలిపి ఒకే బిల్లు వేసినవాడు, తక్కువ పంపి పూర్తి బిల్లు వేసినవాడు. ఇదివరకు ఇవన్నీ ఇయర్ ఎండింగ్‌లో ఆడిటర్ అడిగితే బయటపడేవి. ఇప్పుడు టీ తాగేలోపు కనబడుతున్నాయి.

మరి విలువ ఎవరు చెప్పాలి? ఇక్కడే కనెక్టర్ తన హద్దు దాటింది. పరిమాణంతో పాటు రేటు కూడా పంపుతోంది, అదీ పర్చేజ్ ఆర్డర్‌లో ఉన్న రేటు. బిల్లులో రేటు వేరే ఉంటే? రవాణా ఖర్చు కలపాల్సి ఉంటే? 100 పెట్టెలు 100 రూపాయల చొప్పున ఉన్నాయి, ఇంకో 100 పెట్టెలు 110 రూపాయల చొప్పున వచ్చాయి అనుకుందాం, సగటు 105. కానీ ఆర్డర్ పాత రేటుకే వేశాం కాబట్టి కనెక్టర్ 100 అనే పంపింది. బిల్లు వచ్చి సరిదిద్దేలోపు ఆ సరుకులో సగం అమ్ముడుపోతే, అమ్మినదాని ఖర్చు తక్కువ పడి లాభం ఎక్కువ కనబడింది. తేడా తర్వాత సర్దుకుంటుంది నిజమే, కానీ ఏ నెలలో సర్దుకుంటుందన్నదే కదా సమస్య. పోస్ట్‌మ్యాన్ ఉత్తరం అందించాలి కానీ లోపల రాసింది దిద్దకూడదు. సెట్టింగుల్లో బాగా లోపల ‘రేటు పంపు’ అని ఒక టిక్ ఉంది. తీసేయండి. అప్పుడు తాత్కాలిక రేటు అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనిదే పడుతుంది, మా దగ్గర అది కొత్త రేటు రాగానే మారుస్తాం.

డెమోలో వాళ్లు గొప్పగా చెప్పిన ఇంకో మాట, ‘మా దాంట్లో ముందు ఎక్స్‌పైర్ అయ్యేది ముందు పోతుంది కాబట్టి మీ స్టాకు విలువ కూడా అలాగే వచ్చేస్తుంది’ అని. రెండూ వేరు. ఏ పెట్టె చేతికి తీసుకోవాలన్నది గోదాము సంగతి. ఏ ఖర్చు ముందు పోయినట్టు లెక్కించాలన్నది లెక్కల విధానం. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 2 ప్రకారం ఒకదాని బదులు ఒకటి వాడగలిగే సరుకుకు ముందు వచ్చింది ముందు పోవడమో, సగటో ఎంచుకోవాలి. చివర వచ్చింది ముందు పోయినట్టు చూపడం 2003లో చేసిన సవరణతో పోయింది. మేం సగటు పాటిస్తాం. బ్యాచ్ వారీ ఖర్చు అన్న ఆప్షన్ ఆన్ చేస్తే మన విధానాన్ని అడగకుండా మార్చినట్టే, ఆడిటర్ మొదటి ప్రశ్న దాని మీదే ఉంటుంది. అయితే గడువు దగ్గరపడిన బ్యాచ్‌ల జాబితా మాత్రం నాకు భలే పనికొచ్చింది. అమ్మితే వచ్చేది కొన్న ఖర్చు కంటే తక్కువైతే స్టాకు విలువ తగ్గించి చూపాలి. ఆ లెక్కకు ఆధారం ఇప్పుడు ఒక్క బటన్ దూరంలో ఉంది.

తేదీ సంగతి చెప్తానన్నాను. ఒక స్కాన్‌కి మూడు తేదీలుంటాయి. కొట్టిన తేదీ, సర్వర్‌కి చేరిన తేదీ, లెక్కల్లో పడిన తేదీ. నెల చివరి రాత్రి వైఫై లేని మూలలో కొట్టింది తెల్లారి చేరుతుంది. కనెక్టర్ మామూలుగా చేరిన తేదీ వేస్తుంది. అంటే సరుకు పాత నెలలో దిగింది, పుస్తకంలో కొత్త నెలలో పడింది. స్కాన్ తేదీ వేయమని సెట్టింగ్ మార్చవచ్చు, మార్చాను. అప్పుడింకో చిక్కు. పాత నెల లెక్కల్లో ఇక ఏమీ రాయకుండా నేను లాక్ చేసేసి ఉంటే ఎంట్రీని అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తిరగ్గొడుతుంది, అది తప్పుల జాబితాలోకి వెళ్లి కూర్చుంటుంది. ఆ జాబితాను తెరిచి చూస్తేనే తెలుస్తుంది. మెయిల్ రాదు, మెసేజ్ రాదు. మా దగ్గర నెల లాక్ చేసేముందు స్కానర్లన్నీ వైఫై కిందకు తెచ్చి, పెండింగ్ సున్నా అని చూపించాకే లాక్. ఇది స్టోర్‌కీపర్ పెట్టిన పద్ధతి. పనిచేస్తోంది.

సిగ్నల్ బలహీనంగా ఉంటే ఇంకో భయం కూడా ఉంటుంది. స్కానర్ పంపింది, జవాబు రాలేదు, మళ్లీ పంపింది. అదే సరుకు రెండుసార్లు పడుతుందా? పడకూడదంటే ప్రతి లావాదేవీకి ఒక ప్రత్యేక గుర్తింపు ఉండి, అదే గుర్తింపుతో రెండోసారి వచ్చినదాన్ని పట్టించుకోకూడదు. ‘మా దగ్గర ఉందండీ’ అన్నారు. పంపే మధ్యలో నెట్ తీసేసి చూశాం. సరుకు దిగడం, సరుకు వెళ్లడం రెండూ సరిగ్గా ఒక్కసారే పడ్డాయి. వాపసు వచ్చిన సరుకు మాత్రం రెండుసార్లు పడింది, ఒక ఆసుపత్రికి రెండు క్రెడిట్ నోట్లు, అంటే వాళ్ల బాకీ తగ్గించే పత్రాలు, తయారయ్యాయి. తర్వాతి అప్‌డేట్‌లో బాగుచేశారు. మీరు కొంటుంటే ఈ పరీక్ష అన్ని రకాల వోచర్ల (లావాదేవీ ఎంట్రీల) మీదా చేయండి.

స్టాకు లెక్కింపు గురించి. గోదాము ఆపకుండా రోజూ కొన్ని అరలు లెక్కబెట్టే సౌకర్యం బాగుంది. కానీ లెక్కలో తేడా వస్తే కనెక్టర్ నేరుగా నష్టం ఖాతాకి రాసేస్తుంది! ఎవరి ఆమోదమూ అక్కర్లేదు. గోదాములో ఎవరో ఒక అర తప్పుగా లెక్కబెడితే నా లాభనష్టాల ఖాతా కదులుతుంది. ఆమోదం అనే మెట్టు కావాలంటే పై ప్లాన్ కొనాలట. ఆమోదాన్ని అదనపు హంగుగా అమ్మడం నాకు మింగుడుపడలేదు. మేం తేడాలను నేరుగా పంపడం ఆపేసి, రిపోర్ట్ తీసి నేనే జర్నల్ (సర్దుబాటు ఎంట్రీ) వేస్తున్నాను. నిజానికి ఈ తేడాల్లో చాలావరకు నష్టాలు కావు. ర్యాక్ నుంచి తీశారు, బిల్లు ఇంకా కాలేదు, పెట్టెలు లోడింగ్ దగ్గర ఉన్నాయి. ఆ లోడింగ్ స్థలానికి కూడా ఒక లొకేషన్ లేబుల్ అతికించి, అక్కడ పెట్టినప్పుడు స్కాన్ చేయడం మొదలుపెట్టాక చాలా తగ్గాయి. లేబుల్ అంటే గుర్తొచ్చింది, ర్యాకుల మీద అతికించేవాటికి రిబ్బన్‌తో ముద్రించేవే వాడండి. రిబ్బన్ లేని థర్మల్ కాగితం వేడికి, వెలుతురుకు వెలిసిపోతుంది. కొరియర్ చిరునామాకైతే అదే చాలు.

సపోర్ట్ ఫోన్ ఎత్తుతారు, మర్యాదగా మాట్లాడతారు. కాకపోతే గోదాము టీమ్ వేరు, కనెక్టర్ టీమ్ వేరు. ‘మా వైపు నుంచి వెళ్లిపోయింది మేడమ్’ అని వీళ్లు, ‘మాకు రాలేదు మేడమ్’ అని వాళ్లు. గోదాము వోచర్ నంబర్, కనెక్టర్ లాగ్ నంబర్ రెండూ ఒకే మెయిల్‌లో పెట్టి ఇద్దరికీ పంపితే తప్ప కదలరు.

బ్యాచ్, ఎక్స్‌పైరీ ఉన్న సరుకు అమ్మేవాళ్లు, పొద్దున్నే తప్పుల జాబితా తెరిచి చూసే మనిషి ఉన్నవాళ్లు తీసుకోవచ్చు. కొద్దిపాటి ఐటమ్‌లు ఉండి, సరుకుతోపాటే బిల్లు వచ్చేవాళ్లకు కనెక్టర్ అనవసరం. సాయంత్రం ఒక ఫైలు ఎగుమతి చేసి అకౌంట్స్‌లోకి ఎక్కించుకుంటే సరిపోతుంది, ఏం పడుతోందో కళ్లతో చూసే అవకాశం కూడా ఉంటుంది.

కాంట్రాక్ట్ రెన్యూవల్‌కి ముందు నేను కొన్ని మార్పులు రాసిచ్చాను. తప్పుల జాబితా మెయిల్‌లో రావాలన్నది ఒప్పుకున్నారు, పని జరుగుతోందట. కన్వర్షన్ ఖాళీగా ఉంటే ఆపేయమన్నదానికి మాత్రం ‘వచ్చే వెర్షన్‌లో చూస్తాం’ అన్న జవాబే వస్తోంది. అందాకా ఆ పట్టికలో ఖాళీ గడులు వెతికే చిన్న రిపోర్ట్ నేనే తయారు చేసుకున్నాను. కొత్త ఐటమ్ తెరిచిన ప్రతిసారీ అది నడిపాకే కార్టన్ స్కాన్ చేయడానికి స్టోర్‌కీపర్‌కి సరే అని చెప్తున్నాను.